ఒక నకలు తుపాకి జాతకము

పోయిన వేసవిలో ఒకనాటి తెల్లవారుజామున మా మేనల్లుడు అమెరికానుండి మాకు పదునాలుగు ఛాయాచిత్రములు పంపెను. అతడు టెక్సస్ రాష్ట్రములో ఒక చిన్న పట్టణమున ఇంజనీరు. పెండ్లిచూపుల చిత్రములేమో యని కండ్లజోడు వెదకి పెట్టుకొని చూచితిమి. అన్నియు ఒకే తుపాకివి. ముందునుండి తీసినవి, వెనుకనుండి తీసినవి, బల్లమీద పడుకొనబెట్టి తీసినవి. క్రింద రెండు వాక్యములు: "మామయ్యా! ఇది ఎవరు చేశారో, ఇందులో ఏ తూటా పడుతుందో చెప్పాలి. కొంచెం తొందర."

మేము తుపాకి కాల్చినవారము కాము. ఒక సంగ్రహాలయమున ఆయుధముల గదికి పట్టికలు వ్రాయుచు చాల సంవత్సరములు గడిపినవారము. కాల్చువానికి గురి యుండవలెను, పట్టిక వ్రాయువానికి అనుమానముండవలెను. రెండవది మాకు సమృద్ధిగా కలదు.

తొందర యేమని అడుగగా కథ బయటపడినది. మా వాని పొరుగింట నొక వృద్ధుడు ఉండెడివాడు. పశువుల క్షేత్రము నడపిన కుటుంబము. ఆయన ముందుగది గోడమీద ఈ తుపాకి వ్రేలాడుచుండెడిది. అది తన ముత్తాతదనియు, 1870 ప్రాంతమున ఆ మైదానములలో అడవిదున్నలను వేటాడినదనియు ఆయన వచ్చినవారి కెల్ల చెప్పెడివాడట. ఆయన పోయి అప్పటికి పదినెలలు. మొదటి వర్ధంతినాడు తాత తుపాకిని ఒక్కసారి ప్రేల్చవలెనని మనుమడు సంకల్పించెను. ఇరువది యేండ్లవాడు. అటకమీద ఒక తూటాల పెట్టె కూడ దొరికినది. ఇది యిట్లుండగా, పాతవస్తువుల వర్తకుడొకడు రెండుసార్లు వచ్చి, అసలైన పాత తుపాకి కిచ్చు వెల యిచ్చి కొనెదనని చెప్పి పోయెను. ఇంటి యజమానురాలు ఎనుబది దాటిన యామె. ఆమె మా మేనల్లుని పిలిచి, "నువ్వు యంత్రాలు తెలిసినవాడివి, పిల్లవాడు దీన్ని కాల్చవచ్చునా, కాల్చకూడదా చూసి చెప్పు" అనెనట. యంత్రములు తెలిసినవాడు ఆ పనిని మామయ్యకు పంపెను. మనవైపు వ్యవహారమెల్ల ఇట్లే గదా!

కనుక తేలవలసినవి రెండు. చేసిన దెవరు, తూటా ఏది. మొదటిదానిలో మేము పొరబడినచో ఒక ముసలి యిల్లాలు తెలియక ఒకరిని మోసగించిన దగును. రెండవదానిలో పొరబడినచో ఒక పిల్లవాని కన్ను పోవచ్చును. ఇంత దూరమునుండి ఛాయాచిత్రములు చూచి చెప్పుట ఎంత సాహసమో శ్రోతలే యూహింపగలరు.

మేము మొట్టమొదట అడిగిన ప్రశ్న "లోపల తూటా ఉన్నదా?" అని. "నలభై యేళ్లకు పైగా గోడమీద ఉంది మామయ్యా" అని అతడు. అది జవాబు కాదు. గోడమీది తుపాకిలో తూటా ఉండదని ఏ శాస్త్రమునను లేదు. గొట్టము మనుష్యులు లేని దిక్కునకు త్రిప్పి, సుత్తిని పూర్తిగా వెనుకకు లాగి, దాని ముందున్న ఇనుపదిమ్మను బొటనవ్రేలితో వెనుకకు పడద్రోసి, గొట్టపు వెనుకనోరు తెరచి, దీపము పెట్టి చూడుమని చెప్పితిమి. చూచెను. ఖాళీయే.

అట్లు తెరచునప్పుడే దాని జాతి తెలిసిపోయినది. ఒక్కొక్క తూటానే చేతితో పెట్టి కాల్చు ఈ రైఫిళ్లలో నాలుగైదు జాతులు ప్రసిద్ధములు. షార్ప్స్ అనుదానిలో మీట చుట్టునుండు కమ్మిని క్రిందికి దించినచో దిమ్మ క్రిందికి జారును. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలవారి దానికి పెట్టెకు మూతవలె పైకి లేచు తలుపు. జాన్ బ్రౌనింగ్ కల్పించగా వించెస్టరు కంపెనీ 1885లో వెలువరించిన దానికి కూడ క్రిందికి దిగు దిమ్మయే, కాని సుత్తి నడుమ నుండును. మా మేనల్లుని చేతిలోనిది వీనిలో ఏదియు కాదు. వెనుకకు దొర్లు దిమ్మ గలది. ఇంగ్లీషువారు దీనిని రోలింగ్ బ్లాక్ అందురు.

దీని యుక్తి చాల చక్కనిది. ఒక దిమ్మ, ఒక సుత్తి, రెండు లావుపాటి ఇరుసులు. అంతే. దిమ్మ మూసి మీట నొక్కగా సుత్తి ముందుకు పడును. పడుచు పడుచు దాని మొదలు దిమ్మ క్రిందికి దొర్లి దానికి ఊతగా నిలుచును. తలుపు వెనుక రోకలి ఆనించినట్లు. మందు ప్రేలి వెనుకకు ఎంత నెట్టిన ఆ రెండును అంత బిగిసి కూర్చుండును. లియొనార్డ్ గైగరు అనునతని తలపు ఇది. జోసెఫ్ రైడరు దానిని మెరుగుపరచెను. న్యూయార్కు రాష్ట్రములో ఇలియన్ అను ఊర రెమింగ్టన్ కార్ఖానావారు తయారుచేసిరి. డెన్మార్కు సైన్యము 1867లో స్వీకరించినది. స్వీడను, స్పెయిను, ఈజిప్టు దేశములు కొన్నవి. మొత్తము పదిలక్షలకు మించి తయారైనవి.

ఈ జాతికి పేరు తెచ్చిన సంఘటన యుద్ధము కాదు, పందెము. 1874 సెప్టెంబరు 26న న్యూయార్కు చేరువ క్రీడ్‌మూర్ మైదానమున ఐర్లండు, అమెరికా జట్లు పోటీపడినవి. జట్టునకు ఆరుగురు. దూరములు 800, 900, 1000 గజములు. ఐర్లండువారివి మూతినుండి మందు దట్టించు పాతపద్ధతి రైఫిళ్లు. అమెరికావారివి వెనుకనుండి తూటా పెట్టు షార్ప్స్, రెమింగ్టన్ రైఫిళ్లు. చివరకు ఐర్లండుకు 931, అమెరికాకు 930. ఒక్క గుండు మిగిలినది. కాల్చవలసిన కర్నల్ బోడైన్ చేయి అంతకు కొంచెము ముందు అల్లపుపానకపు సీసా పగిలి కోసుకొన్నది. ఆయన చేతిరుమాలు చుట్టుకొని, పండుకొని, రెమింగ్టన్‌తో కాల్చెను. నడిమి గురికి నాలుగు గుణములు. 934. ఆ సాయంకాలమునుండి ఒంటితూటా రైఫిలనగా ఆ దేశమునకు పిచ్చి యెక్కినది.

ఆ తుపాకులు చేసిన మరియొక పనికూడ చెప్పకుండుట న్యాయము కాదు. మైదానములను నింపియుండిన అడవిదున్నల మందలు పదునైదేండ్లలో నేలమట్టమైనవి. 1889 నాటి లెక్కలో ఉత్తర అమెరికా ఖండమంతట మిగిలినవి వెయ్యికి కొంచెము పైన. గోడమీద వ్రేలాడు జ్ఞాపకములో ఈ సంగతియు ఉన్నది. వృద్ధుడు అతిథులకు చెప్పిన కథలో ఇది వినిపించెనో లేదో.

జాతి తెలిసినది. కాని జాతి తెలిసినంతమాత్రమున ఊరు తెలియదు. వీనికి నకళ్లు కలవు. నకలనగా దొంగసరుకని కాదు. బహిరంగముగ, చట్టప్రకారము, పాతదాని పోలికతో కొత్తగా చేసినది. అమెరికా అంతర్యుద్ధమునకు నూరేండ్లు నిండుచున్న దినములలో, 1950ల చివరను, వాల్ ఫర్గెట్ అను అమెరికన్ వర్తకుడు పాత కోల్టు రివాల్వరునకు నకళ్లు చేయించుటకై ఇటలీ చేరెను. అక్కడ బ్రేషియా నగరమునకు ఉత్తరమున త్రోంపియా లోయ కలదు. మెల్లా నది, ఇనుపరాతి గనులు, కొలుములు. అందు గార్డోనె అను పట్టణము. ఆ పట్టణపు బెరెట్టా వంశమువారు 1526లోనే వెనిస్ ఆయుధశాలకు 185 తుపాకి గొట్టములు అమ్మినట్లు పత్రము ఉన్నది. మనకు విజయనగరమున కృష్ణదేవరాయలు రాజ్యము చేయుచున్న కాలమది. అట్టి లోయలో పెడెర్సోలీ కార్ఖానా 1957లోను, ఉబెర్తీ కార్ఖానా 1959లోను వెలసినవి. ఇంకను పెక్కు కలవు. మొదట రివాల్వరులు, పిదప ఒంటితూటా రైఫిళ్లు. అమెరికావారు తమ తాతల తుపాకులకు ఇటలీ లోయను ఆశ్రయించిరి. అమెరికాలోనే చేయువారును లేకపోలేదు. షైలో అను సంస్థ షార్ప్స్ నకళ్లను మొదట న్యూయార్కు రాష్ట్రమునను, 1983నుండి మోంటానాలోను తయారుచేయుచు వచ్చినది. 1990లో "క్విగ్లీ డౌన్ అండర్" అను చలనచిత్రమున కథానాయకుని చేతిలో షార్ప్స్ కనిపించినప్పటినుండి ఆ గిరాకి మరింత హెచ్చినది.

మేము ఛాయాచిత్రములను మరల చూచితిమి. మీట చుట్టునున్న కమ్మి ఇత్తడిది. మడమ పట్టాయు ఇత్తడిదే. 1870ల నాటి రెమింగ్టన్ వేటరైఫిళ్లకు ఇవి ఇనుపవే సాధారణము. ఇది మొదటి అనుమానము. చట్రమునుండి వెనుకకర్రమీదికి సాగిన ఇనుపపట్టిపై రెమింగ్టన్‌వారు తమ పేరును, ఇలియన్ అను ఊరిపేరును, పేటెంటు తేదీలను చెక్కెడివారు. ఇక్కడ ఆ పట్టి నున్నగా ఉన్నది. ఇది రెండవది.

మూడవది మా మేనల్లుడు కనిపెట్టినదే. గొట్టము ఎనిమిది పలకలది. పైపలకమీద ఉక్కుబద్ద నిలిపి వెనుక దీపము పెట్టగా బద్దక్రింద సన్నని వెలుతురు కనబడెను. తక్కిన ఏడింటిలో కనబడలేదు. పైపలకను ఎవరో ఆకురాయితో రాచి, మరల రంగు పట్టించిరి. అక్కడ వ్రాత ఉండెడిది, తీసివేసిరి. చట్రము క్రిందనున్న క్రమసంఖ్యను మాత్రము తాకలేదు.

ఆ వ్రాత ఏమై యుండును? అమెరికాలో 1968 నాటి తుపాకుల చట్టము ననుసరించి విదేశమునుండి తెచ్చిన తుపాకిపై దిగుమతిదారుని పేరు ఉండవలెను. అందుచేత నకలు తుపాకుల గొట్టములమీద పెద్ద అక్షరములతో కనబడునది తరచుగా అమ్మినవాని పేరే, చేసినవానిది కాదు. ఒకే కార్ఖానా తుపాకి నాలుగు పేర్లతో అమ్ముడుపోవును. పేరు చూచి "ఇది వారు చేసినది" అనుకొనుట కొత్తవారందరు చేయు పొరపాటు. పట్టుచీరె మడతపై దుకాణపు చీటి చూచి నేసినది ఆ దుకాణమువాడే అన్నట్లు.

పైవ్రాతను నమ్మరాదనుటకు దూరపు దృష్టాంతమేల, మన ఉపఖండమున వాయవ్యసరిహద్దులో దర్రా ఆదమ్ ఖేల్ అను ఊరు చాలును. అక్కడి పనివారు చిన్న కొలుముల దగ్గర కూర్చుండి బ్రిటిషువారి మార్టినీ-హెన్రీ రైఫిలును అచ్చముగ దించెడివారు. ముద్రలుకూడ దించెడివారు. ఇంగ్లీషు చదువురాని చేయి చెక్కినందున ఎన్ అను అక్షరము తిరగబడును, ఎన్‌ఫీల్డ్ అనుమాటకు వర్ణక్రమము మారిపోవును. విక్టోరియారాణి 1901 జనవరిలో మరణించినది. ఆ తరువాతి సంవత్సరముల అంకెలమీద కూడ ఆమె కిరీటము వెలుగుచుండును. పనితనము చూడ ముచ్చట. ముద్రలు చూడ నవ్వు. పట్టిక వ్రాయు కాలమున ఇట్టిదానిని అసలుదిగా నమ్మి ఒక రాత్రి నిద్రపోక సంతోషించినవారము గనుక ఈ విషయమున మాకు అధికారము కలదు.

మరి నమ్మదగిన దేది? కర్ర మరుగున ఉండునది. ముందుకర్ర మరలు విప్పి గొట్టము అడుగుపలకను చూపుమని చెప్పితిమి. మూడు గుర్తులు కనబడెను. ఒకటి, నక్షత్రము, దానిక్రింద పి.ఎన్. అను రెండక్షరములు. రెండు, చిన్న చదరపు గడిలో ఎ.డి. అను అక్షరములు. మూడు, సగము చెరిగిన వజ్రాకారము, అందులో చివర పి.

ఎ.డి. చూచి మనుమడు గంతువేసెనట. క్రీస్తుశకమనుటకు వారు వ్రాయు అక్షరములవే కదా. సంవత్సరము వేయుట మరచిరి కాబోలు నని వాని తలంపు. నిజమునకు సంవత్సరమే అది. ఇటలీలో తుపాకిని అమ్మకమునకు విడుచుటకు ముందు గార్డోనెలోని జాతీయ పరీక్షాశాలకు పంపవలెను. అక్కడ మామూలుకంటె ఎక్కువ ఒత్తిడి గల తూటాతో కాల్చి, నిలిచినదానిపై ముద్ర వేయుదురు. పరీక్షించిన సంవత్సరమును రహస్యాక్షరములతో గుర్తింతురు. 1974 వరకు రోమను అంకెలు. 1975నుండి జంట అక్షరములు. ఎ.ఎ. అనగా 1975, ఎ.బి. 1976, ఎ.సి. 1977. ఎ.డి. అనగా 1978. ముత్తాత తుపాకి వయస్సు నూటయేబది కాదు, ఏబదికి లోపల.

పి.ఎన్. అనగా ఇటాలియన్ భాషలో పోల్వెరె నేరా, నల్లపొడి. మనము నల్లమందు అన్నచో అర్థము మారి అబ్కారీవారు వత్తురు గనుక నల్లతుపాకిమందు అందము. సురేకారము, గంధకము, బొగ్గు కలిపినది. ఆ మందుతో పరీక్షింపబడిన దని ఆ ముద్ర చెప్పుచున్నది. ఈ రెండక్షరములను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. వీనితో తరువాత పని కలదు.

ఇక వజ్రము. వజ్రాకారములో డి.పి. అని పెడెర్సోలీవారి గుర్తు. వజ్రాకారములోనే ఎఫ్.ఎ.పి. అని పియెత్తావారి గుర్తు. రెండింటికిని చివర పి. ఉబెర్తీవారిది ఎనిమిది పలకల గొట్టపు మూతివంటి గుర్తు, దానినడుమ యు. కనుక అది కాదు. పియెత్తావారికి పేరు రివాల్వరులవలన వచ్చినది. పొడవు రైఫిళ్లకు పెడెర్సోలీవారు ప్రసిద్ధులు. మిగిలిన వజ్రపు అంచుకు, పి.కి నడుమనున్న చోటులో ఒక్క అక్షరమే పట్టును, రెండు పట్టవు. మేము పెడెర్సోలీ వైపే మొగ్గితిమి. కాని "మొగ్గితిమి" అనియే వ్రాసితిమి. ఊరు, సంవత్సరము నిశ్చయము, కార్ఖానా సంభావ్యము, క్రమసంఖ్య పంపి వారినే అడుగుట మేలని చెప్పితిమి. పట్టికలో ఈ మూడు మాటలకును మూడు వేరువేరు గడులుండవలెనని మా పాత పట్టుదల.

చట్టపుమాటయు తేలిపోయినది. ఆ దేశపు చట్టమున 1898 వరకు చేసినదియే పురాతనము. ఇప్పటికిని అంగడిలో దొరకు ఇత్తడితూటాను కాల్చు నకలు, ఎంత పాతరూపున నున్నను, చట్టము దృష్టిలో కొత్త తుపాకియే. వర్తకుడు చెప్పిన వెలకు ఇక ఆధారము లేదు.

ఇప్పుడు రెండవ ప్రశ్న. గొట్టముమీద కొలత వ్రాయబడి యుండి యుండును. అదియు ఆకురాయి పాలైనది. అటకమీది పెట్టెపై ".45-70" అని ఉన్నది. పిల్లవాడు ఒక తూటాను పెట్టి చూచెను. చక్కగా పట్టినది. "పట్టింది కనక అదే కదా మామయ్యా?" అని మా మేనల్లుడు.

ఈ మాటలో రెండు ప్రమాదములు కలవు.

ఆ అంకెల భావమేమి? .45 అనగా గొట్టపు వ్యాసము సుమారు అంగుళములో నూటికి 45 పాళ్లు. 70 అనగా నల్లతుపాకిమందు 70 గ్రెయినులు. మన తులము 180 గ్రెయినులు. కనుక అరతులమునకు తక్కువ మందు. అమెరికా సైన్యము 1873లో స్వీకరించిన తూటా ఇది. గుండు బరువు 405 గ్రెయినులు, అనగా రెండుంపాతిక తులములు. దీని ఇత్తడితొడుగు పొడవు 2.1 అంగుళములు. ఇదే వ్యాసమున అన్నదమ్ములవంటివి మరికొన్ని కలవు. .45-90కు 2.4 అంగుళములు. .45-110కు 2.875. .45-120కు 3.25. పొట్టితమ్ముడు పొడుగన్న గదిలో సుఖముగా పట్టును! తొడుగుమూతి వద్ద ఊతము లేక ఉబ్బును, గుండు కొంతదూరము దిక్కులేక దుమికి సీసము పూయుచు పోవును. గురి పోవును. తూటా పట్టుట ఒక గుర్తే కాని సాక్ష్యము కాదు. కొలువవలసినదే.

ఆ పట్టణమున తుపాకులు బాగుచేయు పనివాడొకడు కలడు. మే మడిగిన రెండు పనులును అతడు చేసిపెట్టెను. మొదటిది, మెత్తని సీసపుగుండు నొకదానిని నూనె పూసి, మూతినుండి ఇత్తడికడ్డీతో మెల్లగా నెట్టి ఆవలకు తీయుట. లోపలి మెలికగాడుల అచ్చు సీసముపై పడును. మైక్రోమీటరుతో కొలువగా లోతుగాడుల నడుమ .458 అంగుళము. .45 వంశమని నిశ్చయము.

రెండవది మాకు మిక్కిలి ఇష్టమైన పని. తూటా కూర్చుండు గదికి పోత తీయుట. బిస్మతు కలిసిన ఒక మిశ్రలోహము కలదు, సెరోసేఫ్ అందురు. మరుగునీటికంటె తక్కువ వేడిలోనే, 70నుండి 88 సెంటిగ్రేడు డిగ్రీల నడుమ, కరగిపోవును. గొట్టములో గదికి కొంచెము ముందు గుడ్డ బిగించి, వెనుకనుండి ఆ లోహమును పోసి, గట్టిపడగానే వెనుకకు తట్టి తీయుదురు. దాని గుణము విచిత్రము. చల్లారగానే కొంచెము ముడుచుకొనును. అందుచే అంటుకొనక వెలుపలికి వచ్చును. తరువాత మెల్లగా ఉబ్బును. పోసిన గంటకు సరిగా గది కొలతకు వచ్చును. అప్పుడే కొలువవలెను. మరునాడు తీరికగా కొలుతమనువాడు మోసపోవును. మా వాడు గడియారము ముందుపెట్టుకొని కూర్చుండెను. పక్కన పిల్లవాడు. ఆ గంటసేపు ఇద్దరును మాటాడలేదట. వెండివలె మెరయుచున్న ఆ పోతను చేతిలో పెట్టుకొని తీసిన చిత్రము మాకు పంపిరి. తొడుగుచోటు 2.1 అంగుళములు. అంచుచోటు సరి. .45-70 యే.

పిల్లవాడు సంతోషించెను. మేము తూటాలపెట్టెకు నాలుగు ప్రక్కలను చిత్రములు తీసి పంపుమంటిమి. మూడవ ప్రక్కన సన్నని అక్షరములతో ఉన్నది: ఈ తూటాలు బలమైన ఆధునిక రైఫిళ్లకు మాత్రమే.

ఇదే మేము భయపడినది. .45-70 అను పేరు నూటయేబది సంవత్సరములుగా ఒకటే. లోపలి మందు ఒకటి కాదు. నల్లమందు కాలపు తూటా మృదువైనది. పొగలేని మందు వచ్చిన తరువాత కూడ పాత తుపాకులను దృష్టిలో నుంచుకొని అమెరికా తయారీదారులు ఈ తూటాకు చదరపు అంగుళమునకు 28,000 పౌనులను గరిష్ఠపుటొత్తిడిగా నిర్ణయించుకొనిరి. కాని నేటి ఉక్కుతో చేసిన కొన్ని రైఫిళ్లు అంతకు మించినదానిని భరించగలవు గనుక వానికై కొందరు ఆ హద్దు దాటిన తూటాలు చేయుదురు. తొడుగు అదే, పేరు అదే, పొడవు అదే. పి.ఎన్. ముద్ర గల గొట్టమున కూడ చక్కగా పట్టును. పట్టుటకును తగుటకును నడుమ నున్న దూరము ఆ పెట్టె మూడవ ప్రక్కన, చీమ తలకాయలంత అక్షరములలో ఉన్నది. దొర్లుదిమ్మ ఎంత బిగిసినను దాని ఇరుసులు ఆనుకొన్నది చట్రములోని రంధ్రములనే గదా. అవి సాగినచో ఆపునది లేదు. అట్లు జరిగినప్పుడు దిమ్మ వచ్చునది కాల్చువాని కనుబొమ్మల నడుమకు.

ఆ పెట్టెను ఆనాడే ఇల్లు దాటించుడని వ్రాసితిమి. పనివాడు దానిని తీసికొని పోయెను. అతడే నల్లతుపాకిమందుతో, 405 గ్రెయినుల సీసపుగుండుతో అయిదు తూటాలు కట్టి యిచ్చెను. చట్రమును, ఇరుసులను, సుత్తిమొనను పరిశీలించి, మొదటి రెండింటిని తుపాకిని బల్లకు బిగించి దూరమునుండి త్రాటితో లాగి కాల్చెను. తొడుగులు నున్నగా, ఉబ్బులేక వెలువడినవి. మిగిలిన మూడింటిని పిల్లవానికి విడిచెను.

ఇంతవరకు పని. ముసలామెకు చెప్పవలసినది ఇంకను మిగిలియున్నది. భర్త చెప్పిన కథ నిజము కాదని పొరుగువాడు పోయి చెప్పుట ఎట్లు? మా మేనల్లుడు రెండు దినములు వెనుకముందాడెను. మమ్ము సలహా యడిగెను. పట్టికలు వ్రాయువారికి ఇట్టి సలహాలు తెలియవు. "సంవత్సరము చెప్పుము, వ్యాఖ్య చేయకుము" అని మాత్రము అంటిమి. అతడు పోయి, పిల్లవాడు లేని వేళ చూచి, ఇటలీలో 1978లో తయారైనదని చెప్పెను.

ఆమె కాఫీ పోయుచుండెనట. చేయి ఆగలేదు. "నేను నిన్ను అడిగింది తూటా సంగతే కదా" అనెను. ఆ యేడు పశువుల సంతనుండి తిరిగివచ్చుచు భర్త దానిని దుప్పటిలో చుట్టి తెచ్చెనట. కొడుకు అప్పటికి ఆరేండ్లవాడు. చూచి, "ఇది మన ముత్తాతదా నాన్నా?" అని అడిగెను. నాన్న కాదనలేకపోయెను. వర్తకుని రెండుసార్లును గుమ్మమునుండియే పంపివేసిన దామెయే.

"మరి గొట్టముమీది వ్రాత?" అని మా వాడు ఉండబట్టలేక అడిగెను.

"అది ఆయనే రాచాడు, ఆ రాత్రే, వంటింటి బల్లమీద. ఆకురాయి అందించింది నేను" అనెనట ఆమె.